ఆశ్రయమును బట్టి గుల్ల

హనుమాన్ జంక్షన్ నుండి నూజివీడు పోవు బాటలో మామిడితోటలు చూచినవారికి బదనిక క్రొత్త కాదు. పిట్టలు తెచ్చి కొమ్మకు అంటించిన జిగురువిత్తు అక్కడనే మొలకెత్తి, నేలకు మారుగా కొమ్మలోనికే చొచ్చుకొనిపోవును. ఆకు దానిదే, నీరు మామిడిది. పరాశ్రయము వేరు రూపును మార్చినది. సముద్రములో ఇట్లే గుల్ల రూపు మారిన నత్తలు కలవు.

కొల్లేటి ప్రాంతపు వరిచేలలో దొరకు నత్తను విద్యార్థులు ఎరుగుదురు. మెలితిరిగిన గుండ్రని గుల్ల, దానికొక మూత. శత్రువు వచ్చినను, వేసవిలో మడుగు ఎండినను, లోపలికి ముడుచుకొని తలుపు వేసికొనును. తిరుగాడు జీవికి అదియే కోట.

ఒకరి ఒడలిపై స్థిరపడిన నత్తకు ఆ మెలికల కోట యేల? ఊడి పడకుండుటయే దానికి ముఖ్యము. అండమాన్ పగడపు దిబ్బలలోను కనబడు నీలి నక్షత్రచేప జాతిని 'థైకా' అను నత్త ఆశ్రయించును. దాని గుల్ల చిన్న టోపీ వంటిది. తొండమును ఆతిథేయి శరీరములోనికి దించి, ఆడనత్త అచటనే ఉండిపోవును. మరుగుజ్జు మగనత్త కాపురము ఆ టోపీ క్రిందనే!

సముద్రదోస కడుపులో నివసించు 'ఎంటోకాంఖా' ఇంకను దూరము పోయినది. పెరిగిన దానికి గుల్లయే లేదు, చూచుటకు పురుగు. 1852లో జర్మన్ శాస్త్రజ్ఞుడు యొహానెస్ ముల్లర్ దానిని వర్ణించినప్పుడు, అందలి పిల్లలకు నత్తగుల్ల లుండుట చూచి విస్తుపోయెను. వంశము దాచిన రహస్యమును బిడ్డలు బయటపెట్టినవి.

అయితే అవసరమే గుల్లను మలచినదని పాఠము చెప్పుట తొందరపాటు. థైకా టోపీ తరతరముల ఎంపికవలన జాతికి సంక్రమించినది. అమెరికా తీరపు 'క్రెపిడులా ప్లానా' సంగతి వేరు. అది పరాన్నభుక్కు కాదు. సన్యాసిపీత మోయు పాతగుల్ల లోపల అద్దెకుండును. చదును చోట పెరిగిన నత్త చదునుగాను, వంపులో పెరిగినది వంపుగాను ఉండును. ఇది ఒక్కొక్క ప్రాణి బ్రదుకులో జరుగు మార్పు. చిన్నపీతల ఇరుకు గుల్లలలో దొరకు మరుగుజ్జులను 1898లో ఎడ్విన్ కాంక్లిన్ పరిశీలించెను. వాని శరీరకణములు చిన్నవి కావు; పెద్దనత్తల కణములంతే. తక్కువైనది వాని సంఖ్య మాత్రమే.