పాత కంప్యూటరుకు కొత్త బలం

బండికి కట్టిన జోడెద్దులలో ఒకటి బలమైనది, రెండవది బక్కది అయితే బండి ఏ ఎద్దు నడకను బట్టి సాగుతుంది? బక్క ఎద్దు నడకను బట్టే సాగుతుంది. బలమైన ఎద్దును విప్పి అంతకంటె బలమైనదాన్ని కట్టినా బండి వేగం పెరగదు. కంప్యూటరు విషయంలో కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అందులోని భాగాలలో ఏది వెనకబడి ఉన్నదో కనుక్కుని దాన్ని మార్చినవారే డబ్బుకు తగిన ఫలితం పొందుతారు.

నేడు అనేక ఇళ్లలో పిల్లలు కంప్యూటరు మీద చదువుకోవడంతో పాటు ఆటలు కూడా ఆడుతున్నారు. కొత్తగా వచ్చిన ఆటలు పాత యంత్రం మీద తడబడతాయి. తెర మీది బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అప్పుడు కొత్త కంప్యూటరు కావాలనిపించడం సహజం. కాని అందరి ఇళ్లలో ఆదాయం ఒకే విధంగా ఉండదు. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. ఉన్న యంత్రంలోనే ఒకటి రెండు భాగాలు మార్చి దాని బలం పెంచుకోవడం మంచి ఉపాయం. ఇందుకు కావలసింది డబ్బు కంటె ముందు వివేచన.

బెంగళూరులో ఈ భాగాలు కొనాలనుకునేవారు సాధారణంగా ఎస్.పి. రోడ్డుకు వెళతారు. దీని పూర్తి పేరు సదర్ పత్రప్ప రోడ్డు. 1537లో కెంపేగౌడ కట్టించిన పాతపేట ప్రాంతంలో, టౌన్‌హాలుకు దగ్గరలో ఈ వీధి ఉంది. ఇరుకైన ఈ వీధిలోని దుకాణాలలో తీగ ముక్క మొదలుకొని ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు వరకు అన్నీ దొరుకుతాయి. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ ఈ నగరానికి వచ్చింది. 2023 నవంబరులో ఎ.ఎం.డి. సంస్థ తన రూపకల్పన కేంద్రాలలో అన్నిటికంటె పెద్దదాన్ని ఇక్కడే ప్రారంభించింది. చిప్పులను రూపొందించే నగరంలో ఉంటూ, ఆ చిప్పులు చేసే పని ఏమిటో తెలియకుండా దుకాణం మెట్లెక్కడం మనకు తగదు.

ఆట నడుస్తున్నప్పుడు కంప్యూటరులో ఏం జరుగుతుంది? ఆటలోని నియమాలను, మనుషుల కదలికలను లెక్కకట్టేది ప్రాసెసరు. ఆ లెక్కను బొమ్మగా మార్చేది గ్రాఫిక్స్ కార్డు. మామూలు మానిటరులో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. అంటే మొత్తం 20,73,600 చుక్కలు. బొమ్మ నిదానంగా సాగాలంటే సెకనుకు 60 సార్లు ఈ చుక్కలన్నిటికీ రంగు వేయాలి. సెకనుకు 12 కోట్ల 44 లక్షలకు పైగా చుక్కలన్నమాట. ఇంత పని ఒక్కడి వల్ల కాదు. పొలంలో కూలీలందరూ వరుసగా నిలబడి ఒకేసారి నాట్లు వేసినట్లు, గ్రాఫిక్స్ కార్డులోని వందల వేల చిన్న లెక్కయంత్రాలు ఒకేసారి ఈ పని చేస్తాయి. అందువల్లనే ఆటల విషయంలో ఎక్కువ ఖర్చు ఈ కార్డుకే అవుతుంది.

రామ్ అని పిలిచే మెమరీని చదువుకునే బల్లతో పోల్చవచ్చు. డిస్కును పుస్తకాల బీరువాతో పోల్చవచ్చు. బల్ల చిన్నదైతే పుస్తకాల కోసం మాటిమాటికీ బీరువా దగ్గరికి లేచి వెళ్లాలి. ఆట మధ్యలో ఒక్కసారిగా ఆగిపోవడానికి ఇది ఒక కారణం. పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్.ఎస్.డి. పెడితే ఆట త్వరగా తెరుచుకుంటుంది. అయితే తెరుచుకున్న తరువాత సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య దానివల్ల పెద్దగా పెరగదు. ఈ తేడా తెలియక కొందరు ఎస్.ఎస్.డి. కొని నిరాశ చెందుతారు.

మరి మన యంత్రంలో బక్క ఎద్దు ఏది? దీన్ని తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఆటలోని అమరికలలో బొమ్మ చుక్కల సంఖ్యను తగ్గించి చూడాలి. అప్పుడు ఆట చురుకుగా నడిస్తే లోపం గ్రాఫిక్స్ కార్డులో ఉన్నట్లు. ఏమీ మారకపోతే ప్రాసెసరును అనుమానించాలి. విండోస్‌లోని టాస్క్ మేనేజరును తెరిచి చూస్తే ఏ భాగం ఎంత శ్రమ పడుతున్నదో శాతాలలో కనిపిస్తుంది. మెమరీ పూర్తిగా నిండిపోతూ ఉంటే బల్ల చాలడం లేదని అర్థం. వీటికంటె ముందు యంత్రం లోపలి దుమ్ము దులపాలి. దుమ్ము పట్టి ఫ్యాను సరిగా తిరగకపోతే ప్రాసెసరు వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దులిపినంత మాత్రాన బాగుపడిన యంత్రాలు ఎన్నో ఉన్నాయి.

లోపం తెలిసిన తరువాత పొంతన చూడాలి. పెళ్లికి జాతకాలు కలిసినా కలవకపోయినా ఇక్కడ మాత్రం కలిసి తీరాలి. డి.డి.ఆర్. 4 మెమరీ, డి.డి.ఆర్. 5 మెమరీ చూపుకు ఒకేలా ఉన్నా వాటి గంట్లు వేరు. ఒకదాని చోట మరొకటి కూర్చోదు. ఒకే 16 జి.బి. పలక కంటె 8 జి.బి. పలకలు రెండు పెడితే సమాచారం రెండు దారులలో వెళ్లి పని వేగంగా సాగుతుంది. ప్రాసెసరు కూర్చునే సాకెట్టు కూడా కలవాలి. ఎ.ఎం.డి. వారు 2016లో తెచ్చిన ఎ.ఎం.4 సాకెట్టు చాలా ఏళ్లు నిలిచింది. 2017 నాటి మదర్‌బోర్డులు కొన్ని బయోస్ మార్పుతో 2020 నాటి రైజెన్ 5000 వరుస ప్రాసెసర్లను కూడా స్వీకరిస్తాయి. ఏ బోర్డు ఏ ప్రాసెసరును స్వీకరిస్తుందో తయారీదారు ఇచ్చిన పట్టికలో చూసుకోవాలి. ఇంకొక సంగతి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సహాయం నిలిపివేసింది. విండోస్ 11కు సాధారణంగా ఇంటెల్ 8వ తరం లేదా అంతకు తరువాతి ప్రాసెసరు ఉండాలి. చౌకగా వస్తున్నదని అంతకంటె పాతది కొంటే ఆ చౌక నిలవదు.

అందరూ అశ్రద్ధ చేసేది పవర్ సప్లైని. దుకాణాలలో దీన్ని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. గోడలోని 230 వోల్టుల కరెంటును యంత్రానికి తగినట్లు మార్చి ఇచ్చేది ఇదే. మదర్‌బోర్డులోని గాడి నుండి గ్రాఫిక్స్ కార్డుకు 75 వాట్లు మాత్రమే అందుతాయి. 2019లో వచ్చిన జి.టి.ఎక్స్. 1650 వంటి చిన్న కార్డుకు ఇది సరిపోతుంది. 2021లో వచ్చిన ఆర్.ఎక్స్. 6600 కార్డుకు 132 వాట్లు కావాలి. మిగిలినది పవర్ సప్లై నుండి వేరే తీగ ద్వారా రావాలి. దీనికి ప్రాసెసరు 65 వాట్లు, మిగిలిన భాగాలకు సుమారు 60 వాట్లు కలిపితే 257 అవుతుంది. కార్డు క్షణకాలం ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక 450 లేక 500 వాట్లది తీసుకోవడం క్షేమం. ఊరూ పేరూ లేని పవర్ సప్లై మీద 500 అని అచ్చు వేసి ఉన్నంత మాత్రాన నమ్మరాదు. అది చెడిపోతే తనతో పాటు కార్డునూ మదర్‌బోర్డునూ కూడా కాల్చివేయవచ్చు. ఇల్లు కట్టి పునాది దగ్గర పొదుపు చేసినట్లవుతుంది.

ఉదాహరణకు ఒక విద్యార్థి చేతిలో ఇరవై వేల రూపాయలు ఉన్నాయనుకుందాం. పరీక్షలో లోపం గ్రాఫిక్స్ కార్డుదని తేలింది. పవర్ సప్లై కూడా పాతది. అప్పుడు ఆ సొమ్మును పది పాళ్లు చేసి, ఏడు పాళ్లు కార్డుకు, రెండు పాళ్లు పవర్ సప్లైకి కేటాయించి, ఒక పాలు ఆకస్మిక ఖర్చుకు అట్టేపెట్టుకోవాలి. మెరిసే దీపాల ఫ్యాన్లకు, అద్దాల పెట్టెకు ఇందులో చోటు లేదు. అవి కంటికి ఇంపుగా ఉంటాయే కాని వేగాన్ని పెంచవు. మానిటరు సెకనుకు 60 బొమ్మలే చూపగలిగినదైతే 200 బొమ్మలు గీసే కార్డు కొనడం కూడా వృథాయే.

వాడిన కార్డులు తక్కువ ధరకు దొరుకుతాయి. 2022 సెప్టెంబరు వరకు ఎథీరియం అనే డిజిటల్ నాణెం కోసం ఇటువంటి కార్డులను రాత్రింబవళ్లు నడిపారు. తరువాత వాటిని అమ్మివేశారు. కాబట్టి వాడిన కార్డు కొనేటప్పుడు ఎదుటనే అరగంట సేపు ఆట నడిపించి, వేడిని, ఫ్యాను శబ్దాన్ని గమనించాలి. కొత్త వస్తువుకు బిల్లు తప్పక అడగాలి. బిల్లు లేకుండా ఇస్తే 18 శాతం జి.ఎస్.టి. మిగులుతుందని కొందరు ఆశ చూపుతారు. బిల్లు చేతిలో లేనివారికి వారంటీ అడగడం కష్టమవుతుంది. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

తీసివేసిన పాత భాగాలను చెత్తబుట్టలో వేయరాదు. వాటిలో సీసం వంటి విషపదార్థాలు ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం వీటిని నమోదైన శుద్ధి కేంద్రాలకు చేర్చాలి. పనిచేసే భాగమైతే అవసరమున్న మరొక విద్యార్థికి ఇవ్వడం ఇంకా మేలు.

ధరలు నిత్యం మారుతూ ఉంటాయి. నేటి మేలైన కార్డు రేపటికి పాతబడుతుంది. కాని లోపం ఎక్కడున్నదో పరీక్షించడం, పొంతన చూడడం, అవసరానికీ ఆడంబరానికీ తేడా గ్రహించడం అనే మూడూ ఎన్నటికీ పాతబడవు. తల్లిదండ్రులు చెమటోడ్చి సంపాదించిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పగలిగిన విద్యార్థి కంప్యూటరుతో పాటు తన బుద్ధికి కూడా బలం చేకూర్చుకున్నవాడవుతాడు.