పట్టాభిషేకం: నీళ్లు చల్లే చెయ్యి ఎవరిది?

తిరుమల ఒకప్పుడు రాజు పట్టాభిషేకానికి వేదికైంది. 1529లో శ్రీకృష్ణదేవరాయలు చనిపోయాక విజయనగర సింహాసనం కోసం పోటీ మొదలైంది. చంద్రగిరిలో ఉన్న సవతి తమ్ముడు అచ్యుతదేవరాయలు తిరుమలలో, శ్రీకాళహస్తిలో, ఆ తర్వాత రాజధానిలో అభిషేకం చేయించుకున్నాడు. తిరుమలలో శంఖతీర్థంతో జరిగిన స్నానాన్ని రాజనాథ డిండిముడి 'అచ్యుతరాయాభ్యుదయం' వర్ణిస్తుంది.

మూడుసార్లు ఎందుకు? కత్తి రాజ్యాన్ని ఇస్తుంది, హక్కును ఇవ్వదు. కలశంలో పుణ్యజలాలు, మంత్రాలు, పురోహితుడి చెయ్యి, చివర బ్రాహ్మణులకు దానాలు. ఈ తంతు అంతా అధికారానికి శాస్త్రం వేసే ముద్ర. ఆ ముద్ర బ్రాహ్మణుల దగ్గర ఉండేది. కోటలు గెలిచిన శివాజీకి కూడా శూద్రుడన్న అభ్యంతరం ఎదురైంది. 1674లో కాశీ పండితుడు గాగాభట్టు వచ్చి, ముందు ఉపనయనం చేశాకే రాయగడ్‌లో పట్టాభిషేకం జరిగింది.

రాజుకే ఇన్ని షరతులుంటే, గుడి గడప తొక్కనివ్వని మాల మాదిగల మాటేమిటి? రాజును చేసే తంతులో వాళ్లకు చోటే లేదు. చిత్తూరు జిల్లా అప్పుడున్న మద్రాసు రాష్ట్రంలో హిందువులందరికీ ఆలయ ప్రవేశ హక్కునిచ్చే చట్టం 1947లో గానీ రాలేదు.

1950లో రాజ్యాంగం ఆ ముద్రను పురోహితుడి చేతిలోంచి తీసి ఓటరు వేలికి ఇచ్చింది. నేడు తిరుపతి లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు. అక్కడ గెలిచినవారి ప్రమాణానికి ఏ తీర్థమూ అక్కర్లేదు.

అయినా 2023 మే 28న కొత్త పార్లమెంటులో మఠాధిపతుల మంత్రాల మధ్య రాజదండం పెట్టారు. ఆదివాసీ రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఆ వేడుకలో లేరు. తంతు తిరిగి వచ్చినప్పుడు గడప బయట ఎవరున్నారో చూడటం మన పని.