ఓటు లేని కుర్చీ, ఒక్క ఓటు తేడా

అమలాపురం: 1999 ఏప్రిల్ 17, శనివారం. లోక్‌సభలో శ్రీ అటల్ బిహారీ వాజపేయి ప్రభుత్వం పెట్టిన విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 269 ఓట్లు, వ్యతిరేకంగా 270 ఓట్లు వచ్చాయి. ఒక్క ఓటు తేడాతో కేంద్ర ప్రభుత్వం పడిపోయింది. ఆ రోజు సభాపతి కుర్చీలో ఉన్నవారు కోనసీమ వాసి, అమలాపురం పార్లమెంటు సభ్యుడు శ్రీ గంటి మోహనచంద్ర బాలయోగి. దేశంలో ప్రతి ఓటునూ పదిసార్లు లెక్కపెట్టుకున్న ఆ రోజున అమలాపురానికి ఓటు లేదు. అయినా ఆ రోజు ఫలితంలో అమలాపురం సభ్యుడి నిర్ణయం ఒకటి ఉంది. అది సరైనదా కాదా అని ఇన్నేళ్ల తరువాత కూడా వాదించుకుంటూనే ఉన్నారు.

శాసనకర్త ఎలాంటివాడో తెలియాలంటే అతను ఏ బిల్లుకు ఎటు ఓటు వేశాడో చూడాలంటారు. శ్రీ బాలయోగి విషయంలో ఈ కొలబద్ద పనికిరాదు. 1998 మార్చి 24న స్పీకర్ అయినది మొదలు 2002 మార్చి 3న మరణించే వరకు ఆయన కూర్చున్నది ఓటు వేసే బల్ల దగ్గర కాదు, ఓట్లు లెక్కపెట్టించే కుర్చీలో. ఆయన ఓటు వేయని చోట ఏం చేశారో చూస్తేనే మనిషి తెలుస్తాడు.

ఐ.పోలవరం మండలం ఎదుర్లంకలో 1951 అక్టోబరు 1న ఒక దళిత రైతు కుటుంబంలో ఆయన జన్మించారు. గోదావరికి ఇవతల ఎదుర్లంక, అవతల యానాం. కాకినాడలో డిగ్రీ, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పై చదువు, న్యాయశాస్త్రం పూర్తిచేసి కాకినాడలో ప్లీడరుగా పనిచేశారు. 1985లో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఉద్యోగం వచ్చింది. కొద్దికాలానికే అది వదులుకుని తిరిగి నల్లకోటు వేశారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్తు అధ్యక్షుడయ్యారు. 1991లో తెలుగుదేశం తరఫున అమలాపురం నుంచి లోక్‌సభకు గెలిచారు. 1996లో ఓడిపోయారు. అదే ఏడాది ముమ్మిడివరం ఉప ఎన్నికలో శాసనసభకు గెలిచి రాష్ట్రంలో ఉన్నత విద్యామంత్రిగా పనిచేశారు. 1998లో మళ్లీ లోక్‌సభకు వెళ్లారు. వెళ్లిన నెలలోనే స్పీకర్. అప్పటికి ఆయన వయసు 46. ఆ పీఠం ఎక్కిన మొదటి దళితుడు ఆయనే.

ఆ పదవి ఆయనకు దక్కడం వెనుక అంకెల రాజకీయం లేకపోలేదు. 1998 ఎన్నికలలో ఎవరికీ పూర్తి మెజారిటీ రాలేదు. అంతవరకు ఐక్య సంఘటనలో ఉన్న తెలుగుదేశం 12 మంది సభ్యులతో ఎటు మొగ్గుతుందా అని ఢిల్లీ ఎదురు చూసింది. స్పీకర్ పదవి తెలుగుదేశానికి వచ్చిన నాలుగు రోజులకు, మార్చి 28న, వాజపేయి ప్రభుత్వం 274-261 ఓట్లతో విశ్వాసం పొందింది. స్పీకర్ కుర్చీని బేరంలో భాగంగా ఇచ్చారని అప్పట్లో విమర్శకులు అన్నారు. ఆ మాట నిజమే అనుకున్నా, బేరంలో వచ్చిన కుర్చీలో కూర్చున్నవాడు బేరగాడిలా ప్రవర్తించాడా లేదా అన్నది 1999 ఏప్రిల్‌లో తేలింది.

సభలో ఓటు ఎలా పడుతుందో ఇక్కడ చెప్పుకోవాలి. పంచాయతీ సమావేశంలో చేతులెత్తినట్టే లోక్‌సభలోనూ చాలా బిల్లులు నోటిమాటతో నెగ్గిపోతాయి. "అవును" అనేవారు అంటారు, "కాదు" అనేవారు అంటారు. ఏ కేక పెద్దదో స్పీకర్ చెబుతారు. దీనినే మూజువాణి ఓటు అంటారు. ఇందులో ఎవరి పేరూ ఉండదు. మీ సభ్యుడు అరిచాడా, నిద్రపోయాడా అన్నది ఏ రికార్డులోనూ దొరకదు. ఎవరైనా ఒప్పుకోక లెక్కపెట్టమని పట్టుబడితేనే డివిజన్. అప్పుడు గంట మోగుతుంది. సభ్యులు లోపలికి వచ్చాక తలుపులు మూస్తారు. ఎవరి సీటు దగ్గర వారికి మీటలు ఉంటాయి. అవునంటే ఆకుపచ్చ, కాదంటే ఎరుపు, ఎటూ కాకపోతే పసుపు. మీట సరిగా పడనివారు చీటీ రాసి ఇస్తారు. ఇలా జరిగినప్పుడే పేరు పేరునా లెక్క అచ్చుకు ఎక్కుతుంది.

స్పీకర్‌కు ఈ మీటతో పని లేదు. రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం ఆయన మొదట ఓటు వేయకూడదు. రెండు పక్షాలూ సమానమైతే మాత్రం వేసి తీరాలి. నిర్ణాయక ఓటు అనేది ఇదే.

1999 ఏప్రిల్ 14న జయలలిత నాయకత్వంలోని అన్నా డి.ఎం.కె. ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకుంది. బలం నిరూపించుకోవాలని రాష్ట్రపతి శ్రీ కె.ఆర్. నారాయణన్ ప్రధానికి సూచించారు. మూడు రోజులు చర్చ నడిచింది. ఓటింగుకు ముందు పెద్ద వివాదం లేచింది. కోరాపుట్ సభ్యుడు శ్రీ గిరిధర్ గమాంగ్ సభలో కూర్చుని ఉన్నారు. ఆయన అప్పటికి రెండు నెలలుగా, ఫిబ్రవరి 17 నుంచి, ఒరిస్సా ముఖ్యమంత్రి. లోక్‌సభ సభ్యత్వానికి రాజీనామా ఇవ్వలేదు. ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న మనిషి ఇక్కడికొచ్చి కేంద్ర ప్రభుత్వాన్ని ఎలా దించుతాడని అధికార పక్షం వారు లేచారు. సభ్యత్వం ఉంది కనుక ఓటు ఉందని కాంగ్రెస్ వారు.

చట్టం ఏమంటోంది? చట్టసభలో సభ్యుడు కాని మనిషి కూడా ఆరు నెలల వరకు ముఖ్యమంత్రిగా ఉండవచ్చు. మంత్రి పదవి సభ్యత్వాన్ని రద్దుచేసే లాభదాయక పదవి కాదని రాజ్యాంగమే చెబుతోంది. రాష్ట్ర శాసనసభకు కూడా ఎన్నికైన తరువాతే రెండింటిలో ఒకటి వదులుకోవాలి. గమాంగ్ అప్పటికి శాసనసభకు ఎన్నిక కాలేదు. అంటే కాగితం మీద ఆయన పూర్తి హక్కులున్న లోక్‌సభ సభ్యుడే. న్యాయం వేరు, ధర్మం వేరు అనే మాట ఇలాంటప్పుడే పుడుతుంది.

శ్రీ బాలయోగి ఆయనను ఆపలేదు. ఓటు వేయడమా మానడమా అన్నది గమాంగ్ విజ్ఞతకే వదిలిపెట్టారు. గమాంగ్ ఓటు వేశారు, తీర్మానానికి వ్యతిరేకంగా.

స్పీకర్ గట్టిగా తీర్పు చెప్పకుండా బంతిని అవతలివాడి చేతికిచ్చారని కొందరు తప్పుపట్టారు. ఆ విమర్శలో కొంత పస ఉంది. "హక్కు ఉంది, వేయవచ్చు" అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. కానీ ఆపవలసిందన్న వారి వాదన మాత్రం నిలవదు. గమాంగ్‌ను ఆపి, మిగతావన్నీ అలాగే ఉండి ఉంటే లెక్క 269-269. అప్పుడు ఎవరు ఓటు వేయాలి? సభాపతే. అంటే ప్రభుత్వాన్ని బలపరిచే పార్టీ నుంచి వచ్చిన మనిషి, ఎదుటి పక్షం ఓటు ఒకటి తొక్కిపెట్టి, ఆపైన తన ఓటుతో ఫలితం తేల్చవలసి వచ్చేది. లెక్క ఎంత దగ్గరగా వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు, నిజమే. తెలియనప్పుడు ఒక సభ్యుడి ఓటు హక్కు తీసివేయడం అంతకన్నా పెద్ద తప్పు. మేజిస్ట్రేటుగా కొద్దికాలం పనిచేసిన మనిషికి ఆ తేడా తెలియకపోదు.

సభాపతి ఓటు మీద ప్రభుత్వం బతకడం ఎలా ఉంటుందో మన దేశం చూడకపోలేదు. 1981 డిసెంబరు చివర కేరళలో శ్రీ కె. కరుణాకరన్ మంత్రివర్గం ఏర్పడినప్పుడు శాసనసభలో రెండు పక్షాలూ సమానంగా నిలిచాయి. స్పీకర్ శ్రీ ఎ.సి. జోస్ తన నిర్ణాయక ఓటు మళ్లీ మళ్లీ వేసి ప్రభుత్వాన్ని నిలబెట్టారు. 1982 మార్చిలో ఒక్క సభ్యుడు అటు దూకగానే ఆ ప్రభుత్వం కూలింది. మూడు నెలలు కూడా నడవలేదు. ఆ మంత్రివర్గాన్ని జనం ఎగతాళిగానే తలుచుకుంటారు.

1999 ఓటమిని గమాంగ్ ఒక్కరి నెత్తిన రుద్దడం కూడా సరికాదు. నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు శ్రీ సైఫుద్దీన్ సోజ్ తన పార్టీ ఆజ్ఞను కాదని ప్రభుత్వానికి వ్యతిరేకంగా వేశారు. పార్టీ ఆయనను బహిష్కరించింది. తటస్థంగా ఉంటారని ప్రభుత్వం నమ్మిన బహుజన సమాజ్ పార్టీ సభ్యులు అయిదుగురూ ఎర్ర మీట నొక్కారు. ఇంకో విశేషం, ఆ గమాంగ్ గారే 2015లో భారతీయ జనతా పార్టీలో చేరారు.

తెలుగుదేశం ఆ రోజు ప్రభుత్వం పక్షాన నిలిచింది. 12 మందిలో ఓటు వేయగలిగినవారు 11 మందే. పన్నెండోవాడు కుర్చీలో ఉన్నాడు. కోనసీమ మనిషి స్పీకర్ కాకుండా మామూలు సభ్యుడుగా ఉండి ఉంటే, ఆ కుర్చీలో అవతలి పక్షం మనిషి ఉండి ఉంటే, అంకెలు తిరగబడేవని రాజకీయం తెలిసినవారు లెక్క కట్టారు. ఏ పదవి కోసం 1998లో అంత పాకులాడారో ఆ పదవే ఒక ఓటు తినేసింది.

ఫలితం మన ఊళ్లకూ తగిలింది. ఏప్రిల్ 26న లోక్‌సభ రద్దయింది. 1996లో ఓటు వేసి, 1998లో ఓటు వేసిన కోనసీమ ఓటరు 1999 శరత్కాలంలో మూడోసారి లోక్‌సభకు ఓటు వేయడానికి వరుసలో నిలబడ్డాడు. ఈ మధ్యలో కార్గిల్ యుద్ధం ఆపద్ధర్మ ప్రభుత్వం కిందే జరిగిపోయింది. అమలాపురం మళ్లీ శ్రీ బాలయోగినే పంపింది. అక్టోబరు 22న లోక్‌సభ ఆయనను ఏకగ్రీవంగా రెండోసారి స్పీకర్‌గా ఎన్నుకుంది. ఏప్రిల్‌లో ఆయన నిర్ణయం వల్ల నష్టపోయామని అనుకున్నవారూ, లాభపడినవారూ అందరూ ఒప్పుకున్నారు.

ఆయన పట్టుబట్టిన విధానం ఒకటి చెప్పాలంటే సభా మర్యాద. 1998 జులైలో మహిళా రిజర్వేషన్ బిల్లు ప్రతులను సభలోనే లాక్కుని చింపిన ఘట్టం ఆయన కళ్లెదుటే జరిగింది. 2000 మే నెలలో లోక్‌సభ నైతిక విలువల సంఘాన్ని ఏర్పాటు చేశారు. 2001 నవంబరులో ముఖ్యమంత్రులను, చట్టసభల అధ్యక్షులను, పార్టీ నాయకులను ఢిల్లీలో సమావేశపరచి క్రమశిక్షణ గురించి చర్చ పెట్టారు. డిసెంబరు 5న కొత్త నిబంధన 374-ఎ చేరింది. స్పీకర్ ఎదుటి ఖాళీ స్థలంలోకి దూసుకువచ్చి అల్లరిచేసే సభ్యుడి పేరు స్పీకర్ పిలిస్తే చాలు, అయిదు సిట్టింగుల వరకు సస్పెన్షన్. నిబంధన పుస్తకంలో ఉంది. అల్లరి సభలో ఉంది. ఆ తరువాత వచ్చిన స్పీకర్లందరూ ఈ రెండింటి మధ్యా నలిగినవారే.

దీనికి కోనసీమ ఏం చెల్లించింది? స్పీకర్ సభలో ప్రశ్న వేయడు, బిల్లు మీద మాట్లాడడు. కొబ్బరి ధర పడిపోయినా, ఉప్పునీరు చేలలోకి ఎక్కినా, చమురు బావుల కోసం పొలాలు తవ్వినా అమలాపురం గొంతు నాలుగేళ్లపాటు లోక్‌సభలో వినబడే వీలు లేదు. పనులు కావాలంటే లోపల కాదు, బయట మంత్రులను కలిసి చేయించుకోవాలి. స్పీకర్ కబురు పెడితే ఏ మంత్రి అయినా వింటాడు గనుక కొన్ని పనులు కదిలాయి. 2000-01 రైల్వే బడ్జెట్‌లో కోటిపల్లి-నరసాపురం రైలుమార్గం మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలనూ దాటవలసిన మార్గమిది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పీకేసిన కాకినాడ-కోటిపల్లి మార్గం 2004లో తిరిగి వచ్చింది. కానీ రైలు గౌతమి ఆవలి గట్టునే ఆగిపోయింది. మంజూరై ఇరవై నాలుగేళ్లయినా, 2024 నాటికి కూడా, కోనసీమలో రైలు కూత వినబడలేదు.

వంతెన మాత్రం పూర్తయింది. ఎదుర్లంక, యానాం మధ్య పంటు కోసం రేవులో పడిగాపులు పడడం, లేదంటే రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి కాకినాడ చేరడం పాత తరం వారికి గుర్తే. 2002లో వంతెన ప్రారంభమైంది. శ్రీ బాలయోగి దాని మీద ప్రయాణించలేదు. ఆ ఏడాది మార్చి 3న భీమవరం నుంచి వెళుతున్న ఆయన హెలికాప్టర్ నాటి కృష్ణా జిల్లా కైకలూరు వద్ద చేపల చెరువులో కూలిపోయింది. ఆయనతోపాటు పైలట్, భద్రతాధికారి కూడా మరణించారు. వంతెనకు ఆయన పేరే పెట్టారు. ఉప ఎన్నికలో ఆయన భార్య శ్రీమతి విజయకుమారి అమలాపురం నుంచి గెలిచారు.

2024లో ఆయన కుమారుడు శ్రీ హరీష్ మాధుర్ అదే స్థానం నుంచి తెలుగుదేశం తరఫునే ఎన్నికయ్యారు. ఆయన కూర్చున్నది మామూలు సభ్యుల బల్ల దగ్గర. ప్రశ్న వేయవచ్చు, మాట్లాడవచ్చు, మీట నొక్కవచ్చు. డివిజన్ జరిగితే పేరు అచ్చవుతుంది. ఆ డిసెంబరు 17న లోక్‌సభకూ శాసనసభలకూ ఒకేసారి ఎన్నికలు జరపాలనే బిల్లును ప్రవేశపెట్టినప్పుడు కొత్త పార్లమెంటు భవనంలో మొదటిసారి మీటలతో ఓటింగ్ జరిగింది. తెలుగుదేశం బిల్లును బలపరిచింది. చీటీలన్నీ కలిపి లెక్క తేలేసరికి అనుకూలంగా వచ్చిన ఓట్లు 269, వ్యతిరేకంగా 198. పాతికేళ్ల కిందట ప్రభుత్వాన్ని నిలబెట్టలేకపోయిన అంకె అదే.