చీనాలో తెలుగు విద్యార్థి: తొలి దినములు



సికింద్రాబాదు 1806లో దండు విడిదిగా వెలసిన ఊరు. తెలుగు, ఉర్దూ, అరవము, ఆంగ్లము అక్కడ ఒకే వీథిలో వినవచ్చును. ఆ వీథిలో పెరిగిన బాలుడు ఎవరును నేర్పకయే మూడు నాలుగు భాషలు మాటాడును. ఊరికి చేరువనే తార్నాకలో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము కలదు. అందు చీనా భాషయు నేర్పుదురు. భారత చీనా ప్రభుత్వములు 1988లో సాంస్కృతిక సహకారమునకు ఒడంబడిక చేసికొన్నవి. అట్టి యేర్పాటుల మూలమున కొందఱు విద్యార్థులు ఒకరి దేశమునకు మఱియొకరు పోయి భాష నేర్చుకొనుచుందురు. 2020లో మహమ్మారివలన ఈ రాకపోకలు నిలిచిపోయినవి. 2022 ఆగస్టులో విద్యార్థులకు మరల అనుమతి కలిగినది. రెండు దేశముల నడుమ నేరుగా పోవు విమానములు 2025 అక్టోబరులో తిరిగి మొదలైనవి. మీ మనుమడో మనుమరాలో అట్లు పోయినచో తొలి దినములెట్లుండునో ఈ పూట విన్నవింతును.

చీనాలో దిగిన విదేశీయుడు 24 గంటలలోగా తన బస వివరములను పోలీసులయొద్ద నమోదు చేయించుకొనవలెను. గడియారమును రెండున్నర గంటలు ముందునకు త్రిప్పుకొనవలెను. ఈ పనులు సులభములే. కష్టము మఱునాడు అంగడిలో మొదలగును. నాలుగు భాషలు వచ్చిన పిల్లవాడు అక్కడ ఒక్కసారిగా మూగవాడగును. గురువు తరగతిలో మెల్లగా పలికిన మాట వేరు. కూరలమ్మి గబగబ పలుకు మాట వేరు.

ఇందుకు ముఖ్యకారణము స్వరము. చీనా భాషలో ఒకే అక్షరము, గొంతు ఎక్కుడు దిగుడులనుబట్టి, వేఱువేఱు అర్థములిచ్చును. “మా” అను మాటను ఎత్తున సమముగా సాగదీసిన తల్లి. క్రిందినుండి పైకెత్తిన నార మొక్క. దించి లేపిన గుఱ్ఱము. పైనుండి చటుక్కున దించిన తిట్టుట. “మై” అను మాటను దించి లేపిన కొనుట, చటుక్కున దించిన అమ్ముట. గొంతు తప్పినచో, కొనవచ్చిన మనవాడు అమ్మవచ్చినవాడగును! ఇది వింతగా తోచునేమో. మన యూరికి వచ్చిన పరదేశి “పాలు” అనుటకు “పలు” అనిన మనకు బోధపడునా? మనకు దీర్ఘమెట్టిదో వారికి స్వరమట్టిది.

చేతి సైగలును మోసగించును. వర్తకుడు బొటనవ్రేలిని, చిటికెనవ్రేలిని చాచి వెల చూపును. మనవాడు రెండని తలచి రెండు యువానులు చేత పెట్టును. అక్కడ ఆ సైగకు అర్థము ఆఱు. ఇక లిపికి మనవలె ఓనమాలు లేవు. ఒక్కొక్క మాటకో, మాటలోని భాగమునకో ఒక్కొక్క గుర్తు. వాడుకలోనున్న గుర్తులని 1988లో ప్రకటించిన పట్టికలో 3,500 కలవు. అయినను వానిలో కొన్నింటికి చక్కని పొందిక కలదు. చెట్టు గుర్తును రెండుమార్లు ప్రక్కప్రక్కన వ్రాసిన తోపు. మూడుమార్లు వ్రాసిన అడవి.

తెలుగువానికి ఊఱట కలిగించు సంగతులును లేకపోలేదు. ప, ఫ అను భేదము మన వర్ణమాలలో ఉన్నట్లే వారి పలుకులోను కలదు. వారును మనవలె ఇంటిపేరు ముందు చెప్పుదురు. అన్నకు ఒక మాట, తమ్మునికి ఒక మాట. అక్కకు ఒకటి, చెల్లెలికి ఒకటి. ఇరుగుపొరుగువారు ఎదురైన “భోజనమైనదా?” యని పలుకరించుట అచ్చటను పాత వాడుకయే. ఉత్తరచీనా వాడుకలో మన “మనము”, “మేము” అను భేదము సైతము వినబడును: ఎదుటివానిని కలుపుకొన్న “జాన్మెన్”, విడిచిన “వోమెన్”.

ఈ సంగతులు పిల్లవానికి తెలియజేయువాడు “యూబాన్”, అనగా భాషా సహచరుడు. ఇద్దఱు విద్యార్థులు జతగూడి కొంతసేపు ఒకని భాషలో, కొంతసేపు రెండవవాని భాషలో మాటాడుకొందురు. ఒకడు తప్పు చెప్పును, ఒకడు దిద్దును. పిదప ఆ పాత్రలు మాఱును. దిద్దినవాడే మఱుక్షణమున తప్పు చెప్పవలసియుండుటచే ఇద్దఱికిని సిగ్గు పోవును. భాషల మార్పిడియన నిదియే.

ఇది మనకు క్రొత్త కాదు. ఏడవ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగు మన ఆంధ్రదేశమునకు వచ్చెను. ఇక్కడి భాష మధ్యదేశపు భాషకంటె వేఱనియు, లిపి మాత్రము చాలవఱకు దానిని బోలియున్నదనియు వ్రాసికొనెను. ధాన్యకటకములో కొన్ని నెలలు నిలిచి ఇద్దఱు భిక్షువులయొద్ద అభిధర్మ గ్రంథములు చదివెననియు, వారును ఆయనయొద్ద మహాయాన శాస్త్రములు నేర్చిరనియు ఆయన జీవితచరిత్ర తెలుపుచున్నది. గురువులు శిష్యులైరి, శిష్యుడు గురువాయెను.

ఇక పెద్దలకొక మనవి. మూడవనాడో నాల్గవనాడో పిల్లవాడు ఇంటికి ఫోను చేయును. గొంతు సన్నగిల్లియుండును. “నాకేమియు తెలియుట లేదు, తిరిగి వచ్చెదను” అనవచ్చును. అప్పుడు కడుపుతీపిచే వెంటనే రమ్మనకుడు. తిండి, నిద్ర, ఒడలి స్వస్థత ముందుగా విచారింపుడు. అవి బాగుండిన, ఆనాడు విన్న క్రొత్త మాట ఒకటి చెప్పుమని యడుగుడు. వాడు చెప్పిన మాటను మీరును పలుకబోయి తప్పుడు. వాడు నవ్వి దిద్దును. ఏ మాటయు రానివాడనని క్రుంగిన పిల్లవాడు ఆ క్షణమున మీకు గురువగును. చంటిబిడ్డ నెలల తరబడి వినిన పిదపనే గదా “అమ్మా” యనును; పరభాషలో అడుగిడిన పెద్దవానికిని అంతే.

మీ యూరికి పరదేశి యెవరైన వచ్చి వచ్చీరాని తెలుగున మంచినీళ్లడిగినపుడు ఈ సంగతి గుర్తుంచుకొనుడు. నవ్వక నీళ్లిచ్చి, మాటను మెల్లగా మరల చెప్పుడు. అదే సమయమున మీ పిల్లవానికి దూరదేశమున ఎవరో అట్లే చెప్పుచుండవచ్చును.