కుట్టుమిషన్‌లో దారం ఎందుకు చిక్కుపడుతుంది?

కుట్టు నేర్చుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను. మిషన్ తొక్కడం మొదలుపెట్టగానే గుడ్డ కింద దారం ఉండలా పేరుకుని, గుడ్డ కదలక, ఒక్కోసారి సూది కూడా విరుగుతుంది. పాడేరులో మే నెల మోదకొండమ్మ జాతర ముందు, మళ్ళీ జూన్‌లో బడులు తెరిచేటప్పుడు కుట్టుపని బాగా దొరుకుతుంది. ఆ రోజుల్లో ఎవరిదో జాకెట్టు ముక్క మిషన్‌లో ఇరుక్కుని చిరిగితే కూలి పోవడమే కాదు, గుడ్డ ఖరీదు కూడా మనమే కట్టుకోవాలి. బాగు చేయించడానికి మిషన్‌ను ఘాట్ దింపి విశాఖ తీసుకువెళ్ళాలంటే నూరు కిలోమీటర్ల పైమాటే!

చిక్కు కింద కనబడుతుంది కాబట్టి అందరూ మొదట బాబిన్‌నే అనుమానిస్తారు. స్క్రూడ్రైవర్ తీసుకుని బాబిన్ కేసు స్క్రూ తిప్పేస్తారు. కానీ ఎక్కువసార్లు లోపం పైదారంలోనే ఉంటుంది. ఎలాగో చూద్దాం.

1846లో అమెరికాలో ఎలియాస్ హోవే పేటెంటు పొందిన మిషన్‌లోనూ, ఇప్పుడు మనం తొక్కే మిషన్‌లోనూ కుట్టుకు రెండు దారాలు కావాలి. సూది పైదారాన్ని కిందికి దింపుతుంది. షటిల్ కొక్కెం ఆ దారాన్ని ఉచ్చులా పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. వెంటనే ముందు భాగంలో ఊగే లివరు ఆ ఉచ్చును పైకి లాగి బిగించాలి. పైదారం టెన్షన్ బిళ్ళల మధ్య కూర్చోకపోయినా, లివరు కన్నంలోంచి తప్పిపోయినా ఉచ్చు పైకి రాదు. ప్రతి కుట్టుకీ ఒక ఉచ్చు కిందే మిగిలిపోతుంది. అదే ఆ దారపు ఉండ.

అందుకే దారం ఎక్కించేటప్పుడు పాదం పైకి ఎత్తి ఉంచాలి. అప్పుడు బిళ్ళలు విడివడి దారం లోపలికి దిగుతుంది. కుట్టేటప్పుడు మాత్రం పాదం దింపడం మరిచిపోకూడదు. కొత్తవాళ్ళ మిషన్‌లో చిక్కుపడిందంటే నేను ముందు చూసేది పాదాన్నే.

తొక్కుడు మిషన్‌లో ఇంకో చిక్కు ఉంది (దారం చిక్కు కాదు, కాలి చిక్కు!). చక్రం పైభాగం మనవైపుకు తిరగాలి. వెనక్కి తిరిగిందంటే దారం చుట్టుకుపోతుంది. మొదట చేత్తో చక్రం తిప్పి, ఆ తర్వాతే కాలు కదపండి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలనూ నాలుగంగుళాలు వెనక్కి లాగి, మూడు నాలుగు కుట్లు పడేదాకా పట్టుకోవాలి. ఆపేటప్పుడు లివరు పైకి వచ్చాకే గుడ్డ తీయాలి.

సూదికి ఒక పక్క పొడవాటి గాడి, రెండో పక్క పైభాగం చదునుగా ఉంటుంది. చదునువైపు షటిల్ వైపు ఉండాలి, దారం గాడివైపు నుండి ఎక్కించాలి. మామూలు నూలు గుడ్డకు 14 నంబరు, మందమైన యూనిఫాం గుడ్డకు 16 సరిపోతాయి. వంగిన సూదిని దాచుకోవద్దు.

ఇవన్నీ సరిగా ఉన్నాకే బాబిన్ సంగతి. దారం సమంగా, మరీ నిండుగా కాకుండా చుట్టాలి. బాబిన్ కేసును దారంతో వేలాడదీస్తే తనంతట జారకూడదు, చేతిని చిన్నగా ఎగరేస్తే కొంచెం దిగాలి. తెగ జారిపోతే స్క్రూ పావు చుట్టు బిగించండి, అంతకంటే వద్దు.

చిక్కుపడ్డాక గుడ్డను బలంగా లాగితే సూది వంగుతుంది. పాదం ఎత్తి, చక్రాన్ని చేత్తో మెల్లగా అటూ ఇటూ కదిపి సూదిని పైకి తేవాలి. గుడ్డకూ మిషన్‌కూ మధ్య దారాలను కత్తెరతో కోసి, బాబిన్ కేసు ఊడదీసి, షటిల్‌లో మిగిలిన ముక్కలు ఏరేయాలి. మన కొండల్లో వానాకాలం తేమకు బిళ్ళలు తుప్పుపడతాయి, షటిల్‌లో నూలుపొట్టు ముద్ద కడుతుంది. వారానికోసారి బ్రష్‌తో దులిపి, షటిల్‌లో ఒక చుక్క మిషన్ ఆయిల్ వేయండి. కొబ్బరినూనె మాత్రం వేయకండి, అది గడ్డకట్టి మిషన్‌ను పట్టేస్తుంది. నూనె వేశాక ముందు ఒక పాత గుడ్డ ముక్క మీద కుట్టి చూసి, ఆ తర్వాతే కొత్త గుడ్డ పెట్టండి.