పాత ప్రింటరు అక్షరాల్లో చుక్కలెందుకు?

హుకుంపేటలో మీ ఇంట్లో పాత బిల్లులు, రసీదులు ఉంటే ఓసారి తిరగేయండి. కొన్నింటి మీద అక్షరాలు గీతల్లా కాక చుక్కలు చుక్కలుగా ఉంటాయి. ఎందుకలా?

పర్సనల్‌ కంప్యూటర్లు కొత్తగా వ్యాపించిన 1980లలో చాలామంది వాడింది డాట్‌ మ్యాట్రిక్స్‌ ప్రింటర్‌. దాని హెడ్‌లో సన్నని సూదులు, చాలావాటిలో తొమ్మిది, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. హెడ్‌ కాగితం మీద అడ్డంగా పరుగెడుతుంటే, కంప్యూటర్‌ చెప్పిన సూది ముందుకొచ్చి సిరా రిబ్బన్‌ను కొడుతుంది. టక్‌మని చుక్క పడుతుంది. వాకిట్లో అమ్మ పెట్టే చుక్కల ముగ్గులాగే! కాకపోతే ఇక్కడ చుక్కల్ని కలిపే గీత ఉండదు. దగ్గరదగ్గరగా పడితే మన కన్నే కలిపేసుకుంటుంది. ప్రింటర్‌ పనిచేస్తుంటే వచ్చే కీచురొద చాలావరకు ఈ సూదులదే.

ఇంగ్లీషు అక్షరానికి తొమ్మిది చుక్కల ఎత్తు చాలు. మరి తెలుగుకో? ‘హుకుంపేట’ కాస్త నయం, వత్తుల్లేవు. ‘అల్లూరి సీతారామరాజు జిల్లా’ అని రాసి చూడండి: పైన గుడి, కింద వత్తు. అంత ఎత్తు ఒక్క వరుసలో చక్కగా పట్టదు. అందుకే అక్షరాన్ని బొమ్మలా తీసుకుని, హెడ్‌ ఒకసారి పైభాగం, మళ్లీ వచ్చి కిందిభాగం కొట్టేది. ఓపిక కావాలి మరి!

1985లో పేజ్‌మేకర్‌ అనే సాఫ్ట్‌వేర్‌ వచ్చింది. దాంతో అక్షరాలు, బొమ్మలు తెరమీదే పేజీలో సర్దుకునే వీలు దొరికింది. కత్తిరించి అతికించడానికి కత్తెర, జిగురు అక్కర్లేకపోయింది. దానికి తోడు లేజర్‌ ప్రింటర్‌. అదీ చుక్కలే పెడుతుంది, కానీ అప్పట్లోనే అంగుళానికి 300! తర్వాత మన డీటీపీ సెంటర్లలో ఎన్నో శుభలేఖలు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో, ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో తయారయ్యాయి.