అహకిస్తాలో మన పేర్లు

ఎడిటర్‌గారు అడిగింది తేలికైన కథనమే. "ఐర్లాండ్. పచ్చదనం, కోటలు, పిల్లలతో వెళ్లేవాళ్లకు పనికొచ్చేలా. గురువారం పేజీలు వెళ్లిపోవాలి." అక్కావాళ్లు కార్క్‌లో ఉంటారు కాబట్టి పని నాకు పడింది. కోటలున్నాయి, పచ్చదనానికీ కొదవ లేదు. కానీ రాయడానికి కూర్చుంటే కలం పోయిపోయి ఒక గోడ దగ్గరే ఆగుతోంది. కార్క్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, అహకిస్తా అనే పల్లెలో, సముద్రపు ఒడ్డున ఉందది. నేను చూసిన ప్యాకేజీ టూర్ల బ్రోచర్లలో ఒక్కదాంట్లోనూ ఆ ఊరి పేరు లేదు.

ముందు నగరం సంగతి. లీ నది రెండు పాయలుగా చీలి కార్క్ నడిబొడ్డును లంకగా మార్చింది. 1788 నుంచి నడుస్తున్న ఇంగ్లిష్ మార్కెట్‌కు వెళ్తే అమ్మ చేపల దుకాణం దగ్గరే పాతుకుపోయింది. కొనేది లేదని తెలిసీ మొప్పలెత్తి చూపించమంది. అమ్మేవాడు నవ్వి చూపించాడు. షాండన్‌లో సెయింట్ ఆన్ చర్చి గోపురం ఎక్కితే గంటలు మనమే మోగించొచ్చు. తాళ్లకు అంకెలుంటాయి, పక్కన పాటల కార్డులుంటాయి. కార్డులోని అంకెల వరసలో తాళ్లు లాగితే ఆ పాట ఊరందరికీ వినబడుతుంది. మేనల్లుడు లాగినంతసేపూ కింద వీధిలో ఒక్కరూ తల ఎత్తలేదు, అంత అలవాటైపోయింది పాపం. అదే గోపురానికి నాలుగు వైపులా నాలుగు గడియారాలు. ఒకదానితో ఒకటి సరిగా పొసగవని ఊరివాళ్లు దానికి 'నాలుగు మొహాల అబద్ధాలకోరు' అని పేరు పెట్టారు.

ఇక బ్లార్నీ కోట. పైదాకా ఎక్కి, వెల్లకిలా పడుకుని, ఇనుప కడ్డీలు పట్టుకుని, తల వెనక్కి వాల్చి అక్కడి రాయిని ముద్దు పెట్టుకుంటే మాటకారితనం వస్తుందట. మా ఇంట్లో ఆ కొరత ఎవరికీ లేదు. కోట పక్కనే విషమొక్కల తోట ఉంది, నా ఓటు దానికే.

కార్క్ నుంచి బండి పడమటికి తిప్పితే బాండన్ దాటాక దారి సన్నబడుతుంది. రెండు పక్కలా ఎర్రటి ఫ్యూషియా పూల కంచెలు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే. ఎక్కువసార్లు బావే వెళ్లాడు. డన్‌మానస్ అఖాతం పొడవునా షీప్స్ హెడ్ అనే ద్వీపకల్పం సాగి ఉంటుంది. అహకిస్తా దాని దక్షిణపు ఒడ్డున ఉంది. రేకుల కప్పు ఉన్న పబ్బు, నాలుగు పడవలు, చిన్న రేవు. రోడ్డు పక్కన నీళ్లకేసి వాలుగా దిగే ఒక తోట. నేను చెప్పిన గోడ అందులోనే.

దాని చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. 1985 జూన్ 23 ఉదయం. మాంట్రియల్ నుంచి లండన్ మీదుగా ఢిల్లీ, బొంబాయి రావాల్సిన ఎయిరిండియా 182, 'కనిష్క', ఐర్లాండ్ తీరానికి దూరంగా 31,000 అడుగుల ఎత్తున బాంబు పేలి కూలిపోయింది. సామాన్లలో సూట్‌కేసు బాంబు పెట్టించింది కెనడాలోని ఖలిస్తాన్ తీవ్రవాదులు. 329 మందీ పోయారు. అటుగా వెళ్తున్న లారెన్షియన్ ఫారెస్ట్ అనే సరకు ఓడ ముందు చేరింది, తర్వాత ఐరిష్ నౌకాదళం. 131 మృతదేహాలే దొరికాయి. మృతుల్లో 268 మంది కెనడా పౌరులు. అయినా కెనడా ప్రధాని బ్రయన్ మల్‌రోనీ సంతాపం చెబుతూ ఫోన్ చేసింది రాజీవ్ గాంధీకి. శిక్ష పడింది ఒక్కడికే. కెనడా విచారణ సంఘం నివేదిక రావడానికి 25 ఏళ్లు పట్టింది.

ఎవరివాళ్లు వీళ్లని రెండు దేశాలూ తేల్చుకోకముందే ఈ తీరం వాళ్లను తనవాళ్లనుకుంది. మృతదేహాలను కార్క్ ఆసుపత్రికి చేర్చారు. పరుగున వచ్చిన బంధువులకు తోడుగా నర్సులు, ఊరి జనం నిలబడ్డారు. ఏడాది తిరిగేసరికి, 1986 జూన్ 23న, శిల్పి కెన్ థాంప్సన్ చెక్కిన సూర్యగడియారంతో ఇక్కడ స్మారకం సిద్ధమైంది. అప్పటి నుంచి ఏటా అదే రోజు ఉదయం ఇక్కడ కలుస్తారు. 2025లో 40వ వర్ధంతికి ఐర్లాండ్ ప్రధాని మీహాల్ మార్టిన్, మన కేంద్రమంత్రి హర్‌దీప్‌సింగ్ పురి వచ్చారు.

గోడ మీద ఆ 329 పేర్లూ ఉన్నాయి. పంజాబీ, గుజరాతీ, తమిళ, బెంగాలీ పేర్లు. ఒకే ఇంటిపేరు మళ్లీ మళ్లీ వస్తుంటే అది ఒక ఇల్లని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. బళ్లకు సెలవులిచ్చే రోజులవి. కెనడాలో స్థిరపడినవాళ్లు పిల్లలను తాతయ్యల దగ్గరకు తీసుకొస్తున్నారు. పోయినవాళ్లలో 80 మందికి పైగా పిల్లలే. ఇప్పుడు ప్రయాణం అటుది ఇటయింది. అమ్మమ్మలూ తాతయ్యలే మనవల కోసం విమానం ఎక్కుతున్నారు. అమ్మ వచ్చిందీ అలాగే.

అమ్మ పుట్టిల్లు తెనాలి. కళ్లజోడు సవరించుకుని, సంత చీటీ సరిచూసుకున్నట్టు, ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చదువుకుంటూ వెళ్లింది. ఒకచోట ఆగింది.

"ఒరే, నాయుడమ్మగారు. మన యలవర్రు ఆయన."

డాక్టర్ యలవర్తి నాయుడమ్మ. 1922లో తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టి, బెనారస్‌లో, అమెరికాలోని లీహైలో చదివి, మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థను పెంచి పెద్ద చేసిన మనిషి. తర్వాత సీఎస్ఐఆర్ డైరెక్టర్ జనరల్, జేఎన్‌యూ వైస్‌చాన్స్‌లర్. తోలు పని తక్కువ పని అనుకునే దేశంలో దాన్ని సైన్సు చేసి, పచ్చి తోళ్లు ఎగుమతి చేయడం మాని ఇక్కడే చెప్పులూ సరుకులూ చేయాలని వాదించారు. కెనడా నుంచి తిరిగి వస్తూ ఈ విమానంలో ఉన్నారు.

"తోళ్ల నాయుడమ్మ అనేవాడు మా నాన్న, గొప్పగానే" అంది అమ్మ. మేనల్లుడికి ఆయన కథ చెప్పడం మొదలుపెట్టింది. వాడి చూపు సూర్యగడియారం మీద. "అమ్మమ్మా, ఎండ చూపించే టైమూ నా వాచీ ఒకటేనా?" ఒకటి కాదు. ఈ పడమటి కొసన వేసవిలో సూర్యుడు వాచీ కన్నా దాదాపు గంటా నలభై నిమిషాలు వెనక నడుస్తాడు. గడియారం లండన్‌ది, పైగా ఎండాకాలానికి ముందుకు జరిపిన గంట. ఆ లెక్క బావ చెప్తుంటే అక్క ఫోన్లో నాయుడమ్మగారి ఫొటో వెతికి వాడికి చూపించింది.

టొరంటోలోనూ 2007లో ఒక స్మారకం కట్టారు. అక్కడా సూర్యగడియారమే, పేర్ల గోడే. ఆ గోడ ఐర్లాండ్ దిక్కుకు తిరిగి ఉంటుంది.

మిగిలినవి

కోవ్: కార్క్ నుంచి రైల్లో అరగంట లోపే. 1912 ఏప్రిల్ 11న టైటానిక్ ఆఖరిగా ఆగిన రేవు. అప్పట్లో క్వీన్స్‌టౌన్ అనేవారు. రేవులో తమ్ముళ్లిద్దరితో ఆనీ మూర్ విగ్రహం ఉంది. న్యూయార్క్ ఎల్లిస్ ద్వీపంలో 1892లో మొదట నమోదైన వలసజీవి ఈ పిల్లే.

వీసా: షెంగెన్ వీసా ఇక్కడ చెల్లదు. బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీం ముద్ర ఉంటే భారతీయులు రెండు దేశాలూ తిరగొచ్చు, అయితే వీసా ఇచ్చిన దేశంలోనే ముందు దిగాలి.

రోడ్డు: మనలాగే ఎడమ పక్క. 2025 ఫిబ్రవరి నుంచి పల్లె దారుల్లో వేగపరిమితి గంటకు 60 కిలోమీటర్లు. అహకిస్తా వెళ్లే దారిలో అంత వేగం ఎలాగూ పోలేరు.